పసిపిల్లలకు మత్తుమందు: ఒక పాత భయం చరిత్ర



మన సంఘ సభ్యులకు, వారి కుటుంబాలకు, ముఖ్యంగా తల్లులకు ఈ నాలుగు మాటలు విన్నవించుకుంటున్నాం. బెజ్జంకిలో గానీ, చుట్టుపక్కల ఊళ్ళలో గానీ, చిన్నపిల్లవాడికి ఆపరేషన్ చెయ్యాలని డాక్టర్ అన్నాడంటే ఇంట్లో మొదట లేచే మాట ఒకటున్నది. "బచ్చాకు మత్తిస్తే దిమాగ్ పాడైతది. చదువు రాదు. పెద్దగయినంక చేయిద్దాం తియ్" అని దాదీమా అంటుంది. ఆమె మాట తీసివెయ్యలేక కొడుకు ఊరుకుంటాడు. కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. గజ్జలో ఉబ్బు ఉన్న పిల్లవాడు అట్లాగే పెరుగుతూ ఉంటాడు.

దాదీమా మాటను వెక్కిరించే ఉద్దేశం మాకు లేదు. అది మనుమడి మీద ప్రేమతో వచ్చిన మాట. పైగా ఆ ప్రశ్న ఉత్త మూఢనమ్మకం కూడా కాదు. పెద్ద పెద్ద వైద్యులు సైతం ఈ ఇరవై అయిదేళ్ళుగా అదే ప్రశ్నను పట్టుకొని పరిశోధనలు చేసినారు. మత్తుమందు క్షేమమా కాదా అన్న విచారణలో మన హైదరాబాదుకు ఒకప్పుడు ప్రపంచమంతా పేరు వచ్చింది. అది మనలో చాలామందికి తెలియని సంగతి. ఆ చరిత్రను చెప్పి, దాని నుండి మన పిల్లలకు పనికివచ్చేది ఏమిటో విడమరచి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మత్తుమందు లేని రోజులు

సుమారు వెయ్యి సంవత్సరాల క్రిందట స్పెయిన్ దేశపు కార్డోబా నగరం దగ్గర అబుల్ ఖాసిం అజ్జహ్రావీ అనే గొప్ప శస్త్రవైద్యుడు ఉండేవాడు. ఆయన వ్రాసిన అత్తస్రీఫ్ అనే మహాగ్రంథం ముప్పది భాగాలు గలది. అందులో చివరి భాగం శస్త్రచికిత్స గురించినది. యూరపులో కొన్ని శతాబ్దాల పాటు వైద్యులు దానిని చదువుకున్నారు. మగపిల్లల ఖత్నా ఎట్లా చెయ్యాలో కూడా ఆయన వివరంగా వ్రాసినాడు. కత్తెర పిల్లవాడి కంట పడకుండా దాచి ఉంచాలని అందులో ఉన్నది. పిల్లవాడి భయం కూడా వైద్యుడు చూసుకోవలసిన విషయమేనని ఆ మహానుభావుడికి తెలుసు. అయితే నొప్పి లేకుండా నిద్రపుచ్చే నమ్మకమైన మందు ఆయన చేతిలో లేదు.

మన తాతల కాలంలోనూ ఇంచుమించు అంతే గదా! హజామ్ వచ్చేవాడు. ఒక మామ పిల్లవాడి చేతులు పట్టేవాడు, ఇంకొక మామ కాళ్ళు పట్టేవాడు. "అదిగో పిట్ట" అని పైకి చూపించేవారు. అంతలో పని అయిపోయేది. ఖత్నా ఒక నిమిషం పని కాబట్టి అట్లా గడిచింది. కడుపు కోసి చెయ్యవలసిన ఆపరేషన్ అట్లా గడిచేది కాదు. అటువంటి జబ్బు వచ్చిన పసిబిడ్డ ఎక్కువగా చనిపోయేవాడు.

1846వ సంవత్సరం అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్ నగరంలో మార్టన్ అనే దంతవైద్యుడు ఈథర్ ఆవిరి పీల్పించి రోగిని నిద్రపుచ్చగా, డాక్టర్లు మెడమీది గడ్డకు నొప్పి లేకుండా ఆపరేషన్ చేసినారు. సరిగ్గా ఆ 1846లోనే నాలుగవ నిజాం నాసిరుద్దౌలా కాలంలో హైదరాబాదు వైద్య పాఠశాల మొదలయింది. అక్కడ ఉర్దూలో వైద్యం బోధించేవారు. మరుసటి ఏడు, 1847లో, ఎడిన్‌బరో నగరంలో సింప్సన్ అనే వైద్యుడు క్లోరోఫారం వాడకానికి తెచ్చినాడు. రుమాలు మీద నాలుగు చుక్కలు వేసి ముక్కు దగ్గర పెడితే చాలు, మనిషి నిద్రలోకి జారేవాడు. లోకమంతా సంబరపడింది.

ఆ సంబరం మూడు నెలలు కూడా నిలవలేదు. 1848 జనవరి 28న ఇంగ్లాండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి, కాలివేలి గోరు తీయించుకోవడానికి క్లోరోఫారం పీల్చి, కొన్ని నిమిషాలలోనే చనిపోయింది. క్లోరోఫారం వల్ల నమోదయిన మొదటి మరణం అదే. గోరు కోసం వెళ్ళిన పిల్ల ప్రాణం పోవడం చూసి తల్లిదండ్రులకే కాదు, డాక్టర్లకూ భయం పట్టుకున్నది. క్లోరోఫారం గుండెను ఆపుతుందా, లేక ఊపిరిని ఆపుతుందా? గుండె అయితే నాడి చూస్తూ ఉండాలి. ఊపిరి అయితే రొమ్ము ఎగిరిపడటం చూస్తూ ఉండాలి. దీని మీద లండన్ వైద్యులు ఒకవైపు, ఎడిన్‌బరో వైద్యులు ఒకవైపు నలభై సంవత్సరాలు వాదులాడుకున్నారు.

హైదరాబాదు చేసిన విచారణ

ఆ వాదాన్ని తేల్చడానికి పూనుకున్నది మన హైదరాబాదు. ఎడిన్‌బరోలో సైమ్ అనే గురువు వద్ద నేర్చుకున్న డాక్టర్ ఎడ్వర్డ్ లారీ 1885లో హైదరాబాదుకు రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చి, వైద్య పాఠశాలకు పెద్దగా పనిచేసినాడు. ఊపిరిని కనిపెట్టుకొని ఉంటే చాలు, క్లోరోఫారం వల్ల ప్రమాదం లేదని ఆయన నమ్మకం. 1888లో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమిషన్‌ను నియమించింది. నూటికి పైగా కుక్కల మీద పరీక్షలు జరిపి, ఊపిరే ముందు ఆగుతుంది, గుండె తరువాత ఆగుతుంది అని ఆ కమిషన్ తేల్చింది.

లండన్‌లోని లాన్సెట్ అనే వైద్య పత్రిక దీనిని ఒప్పుకోలేదు. అప్పుడు నిజాం ఏం చేసినాడనుకున్నారు? "మీ మనిషినే పంపండి, ఖర్చు మాది" అన్నట్టుగా వెయ్యి పౌన్లు ఇచ్చినాడు. ఆ రోజులలో అది సామాన్యమైన సొమ్ము కాదు. 1889లో లాడర్ బ్రంటన్ అనే పేరుపొందిన వైద్యుడు ఓడ ఎక్కి వచ్చినాడు. రెండవ కమిషన్‌లో బ్రంటన్, లారీలతో పాటు బామ్‌ఫోర్డ్, రుస్తుంజీ హకీం పనిచేసినారు. కుక్కలు, కోతులు, మేకలు మొదలైన నాలుగు వందలకు పైగా జంతువుల మీద పరీక్షలు జరిగినాయి. ఫలితం మళ్ళీ అదే వచ్చింది. మత్తు ఇచ్చేవాడు ఊపిరిని కనిపెట్టుకొని ఉండాలని నివేదిక చెప్పింది. 1890లో లాన్సెట్ పత్రికే దానిని అచ్చువేసింది. తమ డబ్బు పెట్టి, తమ మాటను కాదన్నవాడిని పిలిపించి మరీ పరీక్ష చేయించడం చూస్తే, మన గడ్డ మీద జరిగిన ఈ పనికి మనం గర్వపడవచ్చును.

ఆ వైద్య పాఠశాలలోనే చదివి 1889లో హకీం పట్టా పొందిన రూపాబాయి ఫర్దూంజీ అనే పార్సీ మహిళ క్లోరోఫారం ఇవ్వడంలో ఆరితేరింది. ప్రపంచంలో మత్తు ఇచ్చే పనిలో నిలిచిన తొలి మహిళా వైద్యులలో ఆమెను లెక్కిస్తారు. అఫ్జల్‌గంజ్ దవాఖానలోనూ, జనానా దవాఖానలోనూ ఆమె ఏళ్ళ తరబడి పనిచేసింది. పరదాలో ఉండే స్త్రీలకు ఒక ఆడ డాక్టర్ మత్తు ఇవ్వడమంటే ఎంత ధైర్యమో మన ఇంటి ఆడవారికి వేరే చెప్పనక్కర లేదు. అఫ్జల్‌గంజ్ దవాఖాన 1908 మూసీ వరదలో కొట్టుకుపోయింది. ఉస్మానియా దవాఖాన ఆ తరువాత కట్టినదే.

కమిషన్‌కు అందని విషయాలు

ఇంత గొప్పగా చెప్పుకున్న తరువాత దాని లోపం కూడా చెప్పకపోతే అది చరిత్ర అనిపించుకోదు. క్లోరోఫారం క్షేమమని కమిషన్ చాలా గట్టిగా చెప్పింది. అయితే 1894లో లండన్‌లో గత్రీ అనే పిల్లల వైద్యుడు ఒక విషయం బయటపెట్టినాడు. కొందరు పిల్లలు ఆపరేషన్ బల్ల మీద బాగానే ఉన్నారు, ఇంటివాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు, కానీ ఒకటి రెండు రోజుల తరువాత వాంతులయి, స్పృహ తప్పి చనిపోయినారు. క్లోరోఫారం కాలేయాన్ని దెబ్బతీస్తుందని తరువాత రుజువయింది. ఇక 1911లో లెవీ అనే వైద్యుడు, చాలీచాలని మత్తులో ఉన్నప్పుడు క్లోరోఫారం గుండెను ఉన్నట్టుండి తడబడేటట్టు చేసి ఆపగలదని పిల్లుల మీద పరీక్షలతో చూపించినాడు. మహబూబ్ అలీ ఖాన్ కన్నుమూసినది కూడా ఆ 1911లోనే.

అంటే కమిషన్ చెప్పినదానిలో సగం నిజం. ఊపిరిని కనిపెట్టమన్న మాట నేటికీ నిలిచింది. గుండెకు భయమే లేదన్న మాట నిలవలేదు. క్రమంగా క్లోరోఫారం వాడకమే పోయి, దానికంటె మేలైన మందులు వచ్చినాయి. ఇంకొకటి కూడా గమనించాలి. కమిషన్ చూసినది ప్రాణం నిలుస్తుందా పోతుందా అన్న ఒక్క విషయమే. బతికిన పిల్లవాడి బుద్ధి ఎట్లా ఉంటుందన్న ప్రశ్న అప్పటికి ఎవరూ వెయ్యలేదు.

పసిబిడ్డకు నొప్పి తెలియదన్న పొరపాటు

మన పిల్లల కొరకు హైదరాబాదులో నీలోఫర్ దవాఖాన 1953లో వచ్చింది. తన పరిచారిక ప్రసవంలో చనిపోయినందుకు కలత చెందిన టర్కీ రాకుమారి నీలోఫర్ పట్టుదలే దానికి మూలం. నిజాం రెండవ కుమారుని భార్య ఆమె. కరీంనగర్, సిద్దిపేట వైపు నుండి బిడ్డను ఒళ్ళో వేసుకొని బస్సెక్కి నీలోఫర్‌కు పోయిన తల్లులు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. అదే 1953లో అమెరికాలో ఎకెన్‌హాఫ్ అనే మత్తు డాక్టర్, టాన్సిల్స్ ఆపరేషన్ అయిన పిల్లలలో కొందరికి రాత్రిళ్ళు భయాలు, పక్క తడపడం వంటివి వస్తున్నాయని గమనించి వ్రాసినాడు. భయంతో పెనుగులాడుతుంటే బలవంతంగా మత్తు ఇవ్వడం దీనికి ఒక కారణమని ఆయన గ్రహించినాడు. మత్తు తరువాత పిల్లవాడి మనసు సంగతి అట్లా వైద్యుల చర్చకు వచ్చింది.

కానీ మరీ చిన్న బిడ్డల విషయంలో వైద్యలోకం పెద్ద పొరపాటు చేసింది. అప్పుడే పుట్టిన బిడ్డకు నొప్పి పూర్తిగా తెలియదని, మత్తు ఇస్తే తట్టుకోలేడని చాలామంది అనుకున్నారు. అందుచేత 1980ల దాకా పెద్ద దేశాలలో సైతం, నెలలు నిండని బిడ్డలకు కదలకుండా చేసే మందు ఇచ్చి, చాలీచాలని మత్తుతో గుండె దగ్గర కోసి ఆపరేషన్లు చేసినారు. తలచుకుంటే గుండె తరుక్కుపోతుంది. మన దేశంలో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్ళిన కన్వల్‌జీత్ ఆనంద్, ఆయనతో పనిచేసినవారు 1987లో లాన్సెట్ పత్రికలోనే దీనికి జవాబు చెప్పినారు. నొప్పి తెలియకుండా బలమైన మందు ఇచ్చిన బిడ్డలే ఆపరేషన్ తరువాత బాగా కోలుకున్నారని, ఇవ్వని బిడ్డల ఒంట్లో తీవ్రమైన ఒత్తిడి పుట్టి ఇబ్బందులు ఎక్కువయినాయని చూపించినారు. "బిడ్డకు మత్తు వద్దు" అన్న మాట వెనుక ఎంత బాధ దాగి ఉన్నదో ఆనాడు బయటపడింది.

బుద్ధి సంగతి

ఇక దాదీమా ప్రశ్నకు వద్దాం. పుట్టిన తరువాత మొదటి మూడేళ్ళలో పిల్లల మెదడు చాలా వేగంగా పెరుగుతుంది. మెదడులోని కణాలు ఒకదానితో ఒకటి ముడిపడి మాట, నడక, జ్ఞాపకం అన్నీ అల్లుకుంటాయి. మత్తుమందు చేసే పని ఆ కణాల మధ్య మాటలను కాసేపు ఆపడమే. అల్లిక సాగుతున్న సమయంలో ఆపితే దారం తెగుతుందా అన్నది ప్రశ్న.

1999లో కొన్ని మందులు పసి ఎలుకల మెదడు కణాలను చంపుతున్నాయని కనుగొన్నారు. 2003లో ఇంకొక పరిశోధనలో, ఏడు రోజుల వయసు గల ఎలుక పిల్లలకు ఆరు గంటల పాటు మత్తు ఇవ్వగా కణాలు చనిపోయినాయి. పెద్దయిన తరువాత అవి దారులు గుర్తుపెట్టుకోవడంలో వెనుకబడినాయి. ఈ వార్త విని మత్తు డాక్టర్లే హడలిపోయినారు. అయితే ఎలుక జీవితంలో ఆరు గంటలంటే మనిషి లెక్కలో చాలా ఎక్కువ కాలం. కాబట్టి పిల్లలనే గమనించవలసి వచ్చింది.

2009లో అమెరికాలోని మేయో క్లినిక్ వారు 1976-1982 మధ్య పుట్టిన 5,357 మంది పిల్లల వివరాలు తీసినారు. వారిలో 593 మందికి నాలుగేళ్ళ లోపు మత్తు ఇచ్చి ఉన్నారు. ఒక్కసారి తీసుకున్నవారిలో చదువు ఇబ్బంది పెరగలేదు. రెండుసార్లు, అంతకు మించి తీసుకున్నవారిలో మాత్రం పెరిగింది. అయితే మాటిమాటికీ ఆపరేషన్ అవసరమయిన పిల్లవాడు అసలే జబ్బు మనిషి గదా! తప్పు జబ్బుదా, మందుదా? దీనిని తేల్చడానికి అదే 2009లో హాలెండు దేశపువారు కవల పిల్లలను చూసినారు. ఒకే రూపు కవలలలో ఒకరికి మూడేళ్ళ లోపు మత్తు ఇచ్చినారు, ఇంకొకరికి ఇవ్వలేదు. ఇద్దరి చదువూ ఒకటే తీరుగా ఉన్నది.

2016 డిసెంబరులో అమెరికా ప్రభుత్వపు ఔషధ నియంత్రణ సంస్థ ఒక హెచ్చరిక చేసింది. మూడేళ్ళ లోపు పిల్లలకు మూడు గంటలకు మించి గానీ, పలుమార్లు గానీ మత్తు ఇస్తే మెదడు పెరుగుదలకు హాని కలుగవచ్చునని దాని సారాంశం. ఈ హెచ్చరిక పేపర్లకెక్కి, నోటి నుండి నోటికి పాకి, చివరికి "మత్తిస్తే బుద్ధి పోతది" అన్నంత దాకా వచ్చింది. మూడు గంటలన్న మాట, పలుమార్లన్న మాట దారిలోనే జారిపోయినాయి. ఒకసారి కొద్దిసేపు ఇచ్చే మత్తు వల్ల హాని కలిగే అవకాశం లేదని ఆ సంస్థే చెప్పిన సంగతి మనదాకా రానేలేదు.

అన్నిటికంటె గట్టి రుజువు 2019లో వచ్చింది. ఏడు దేశాలలోని 28 ఆసుపత్రులలో, హెర్నియా ఆపరేషన్ అవసరమయిన 722 మంది పసిబిడ్డలను చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేసినారు. ఒక గుంపుకు పూర్తి మత్తు ఇచ్చినారు. రెండవ గుంపుకు నడుము కింద మొద్దుబారే మందు మాత్రమే ఇచ్చినారు. మత్తు సుమారు గంట లోపే. అయిదేళ్ళు వచ్చిన తరువాత తెలివితేటలు పరీక్షిస్తే ఒక గుంపుకు సగటున 98.97, ఇంకొక గుంపుకు 99.08 వచ్చింది. తేడా లేదన్న మాట. 2016లో 105 జతల తోబుట్టువులను పోల్చిన పరిశోధన కూడా ఇదే చెప్పింది. 2018లో మేయో వారు 997 మంది పిల్లలను పరీక్షించగా, పలుమార్లు మత్తు తీసుకున్నవారిలో కూడా తెలివితేటల అంకె తగ్గలేదు. అయితే చేతివేళ్ళ నేర్పులోనూ, చురుకుదనంలోనూ కొంత వెనుకబాటు కనిపించింది.

మన ఇంట్లో చెయ్యవలసినది

ఈ చరిత్ర అంతా చదివిన మీదట మాకు తోచినది ఇది. ఒక్కసారి కొద్దిసేపు మత్తు ఇస్తే పిల్లవాడి బుద్ధి చెడుతుందని భయపడి, అవసరమయిన ఆపరేషన్‌ను వాయిదా వెయ్యరాదు. గజ్జలో జారిన పేగు బిగుసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఆ ప్రమాదం పసివయసులోనే ఎక్కువ. పుట్టుకతో వినబడని బిడ్డకు చెవి ఆపరేషన్ ఆలస్యమయితే మాట రాదు. చీలిన అంగిలిని సకాలంలో కుట్టకపోతే మాట ముద్దగా ఉండిపోతుంది. మాట రాని పిల్లవాడికి చదువు ఎక్కడి నుండి వస్తుంది? బుద్ధి కొరకని ఆపితే బుద్ధికే ఎసరు వచ్చినట్టు గదా!

మూడేళ్ళ లోపు పిల్లవాడికి చాలాసేపు గానీ, మళ్ళీమళ్ళీ గానీ మత్తు అవసరమని చెప్పినప్పుడు డాక్టర్‌ను ధైర్యంగా అడగండి: ఇప్పుడే చెయ్యాలా, ఆగితే నష్టమేమి, రెండు చిన్న ఆపరేషన్లు ఒక్క మత్తులో అవుతాయా అని. హెర్నియాతో పాటు ఖత్నా కూడా అప్పుడే చెయ్యవచ్చునా అని అడగడంలో సిగ్గు లేదు. మత్తు ఇచ్చే డాక్టర్ ఎవరో, ఆయనకు పిల్లల అనుభవం ఉన్నదో లేదో కూడా అడగండి. 1889లో చెప్పిన మాట ఇప్పటికీ అదే: మత్తులో ఉన్న బిడ్డ ఊపిరిని ఒకరు క్షణం విడవకుండా కనిపెట్టి ఉండాలి.

పెద్దలకు ఒక ప్రత్యేక మనవి. ఆపరేషన్‌కు ముందు డాక్టర్ చెప్పినంతసేపు బిడ్డ కడుపు ఖాళీగా ఉంచండి. "పాపం, ఆకలితో ఏడుస్తున్నాడు" అని చాటుగా బిస్కెట్ తినిపించరాదు. మత్తులో అది వాంతయి ఊపిరితిత్తులలోకి పోతే బిడ్డ ప్రాణానికే ముప్పు. దగ్గు, జ్వరం ఉంటే దాచవద్దు. మత్తు దిగేటప్పుడు కొందరు పిల్లలు తల్లిని కూడా గుర్తుపట్టనట్టు గింజుకొని ఏడుస్తారు. ఇది తరచు అరగంటలో సర్దుకుంటుంది. కొన్ని రాత్రులు ఉలిక్కిపడి లేవడం కూడా ఉండవచ్చును. దానిని చూసి "అదిగో, దిమాగ్ పోయింది" అని బిడ్డ ముందే అనవద్దు. ఒళ్ళో తీసుకొని కూర్చోండి, చాలు.

బెజ్జంకి ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో ఉండి, 2016 నుండి సిద్దిపేట జిల్లాలో ఉన్నది. ఇటు సిద్దిపేటకు గానీ, అటు కరీంనగర్‌కు గానీ, పెద్ద పని అయితే హైదరాబాదుకు గానీ పోవడానికి మనకు దారులున్నాయి. మన ముందు తరాలకు ఇవి లేవు. సందేహం ఉన్నవారు ఇంట్లోనే మథనపడకుండా సంఘం పెద్దలలో ఒకరిని వెంటబెట్టుకొని డాక్టర్ వద్దకు వెళ్ళండి. మేము వస్తాం. దాదీమాను కూడా తీసుకువెళ్ళండి. ఆమె ప్రశ్నను ఆమెనే డాక్టర్‌ను అడగనివ్వండి. నూట ముప్పది ఏళ్ళ క్రిందట హైదరాబాదు చేసినది కూడా అదే గదా, అనుమానం ఉన్నవారిని పిలిచి కళ్ళారా చూడమన్నది.

మన పిల్లలందరికీ అల్లాహ్ ఆయురారోగ్యాలు, మంచి బుద్ధి, మంచి చదువు ప్రసాదించుగాక. ఆమీన్.